ఇప్పుడు లేని లైన్ మీద నాలుగు నెలలు: సోమర్సెట్ అండ్ డోర్సెట్ సిమ్యులేటర్ రూట్ రివ్యూ

ఇంగ్లండ్‌లో బాత్ గ్రీన్ పార్క్ నుంచి బోర్న్‌మత్ వెస్ట్‌కి ఇప్పుడు రైలు లేదు. 1966 మార్చి 7న ఆ లైన్ మూసేశారు, తర్వాత పట్టాలు పీకేశారు. గ్రీన్ పార్క్ స్టేషన్ పెద్ద పైకప్పు మాత్రం ఇంకా నిలబడే ఉంది, దాని కింద ఇప్పుడు మార్కెట్ నడుస్తోంది. ఊరు దాటగానే వచ్చే రెండు సొరంగాల్లో 2013 నుంచి సైకిళ్లు తిరుగుతున్నాయి. అలాంటి లైన్ మీద నేను నాలుగు నెలలుగా దాదాపు రోజూ రాత్రిపూట స్టీమ్ ఇంజిన్ నడుపుతున్నాను, ఇన్నాళ్లకి దీని గురించి రాయడానికి సరిపడా తెలిసిందనిపించి ఈ రివ్యూ రాస్తున్నాను.

ఇది ట్రైన్ సిమ్యులేటర్ గేమ్‌కి అదనంగా చేర్చుకునేలా ఒక చిన్న బృందం చేసిన యాడ్-ఆన్ రూట్. బృందం పేరు గానీ, ఏ సిమ్యులేటర్ మీద నడుస్తుందో గానీ కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో కొన్ని ఏదో ఒక అప్‌డేట్‌లో పోతాయి, పోయాక కూడా ఈ ఫిర్యాదు వాళ్ల పేరు పక్కనే ఉండిపోవడం న్యాయం కాదు. స్టీమ్ సిమ్యులేటర్లు నాకు కొత్తేం కాదు. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌లో సెటిల్-కార్లైల్ లైన్ మీద ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ నడిపిన రోజు నుంచి ఇది నాకున్న పిచ్చి. కాకపోతే అప్పుడు బొగ్గు, నీళ్ల పని కంప్యూటర్‌కి వదిలేసి నేను కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఆ పని కూడా నేనే చేస్తున్నాను, ఈ రూట్‌కి నేనిచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఆ పనికే.

ముందు లైన్ గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సోమర్సెట్ అండ్ డోర్సెట్, అభిమానులు ముద్దుగా ఎస్ అండ్ డి అంటారు, బాత్ నుంచి బోర్న్‌మత్ దాకా సుమారు 71 మైళ్లు. మధ్యలో మెండిప్ కొండలు అడ్డం. 1874లో లైన్‌ని బాత్ దాకా పొడిగించేసరికి కంపెనీ చేతిలో డబ్బు అయిపోయింది, మరుసటి ఏడాదే మిడ్‌లాండ్ రైల్వే, లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ రైల్వే కలిసి దాన్ని లీజుకి తీసుకున్నాయి. చేతిలో డబ్బు ఆడని కంపెనీ కట్టిన లైన్ అని పట్టాల మీద అడుగడుగునా తెలుస్తుంది: కొండని తొలిచి చదును చేసే బదులు బండినే కొండ ఎక్కించారు, సొరంగాలు ఒకే పట్టా పట్టేంత ఇరుగ్గా తవ్వారు. ఆ రోజు మిగుల్చుకున్న డబ్బంతా తర్వాత తొంభై ఏళ్లపాటు డ్రైవర్లు, ఫైర్‌మన్‌లు చెమటతో కట్టారు. ఈ రూట్ తయారు చేసినవాళ్లు ఈ సంగతి పట్టుకున్నారు, నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది అక్కడే.

ఎక్కుడు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ కాస్త మెత్తబడుతుందో, ఎక్కడ మలుపుతో కలిసి నడుం విరుస్తుందో, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. పట్టాలు పోయినా కట్టలు, కోతలు నేల మీద ఇంకా చాలాచోట్ల ఉన్నాయి, బ్రిటన్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లైడార్ (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతి) కొలతల్లో అవి స్పష్టంగా కనిపిస్తాయి. స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులు ఎవరైనా చూసుకోవచ్చు. నేను రెండు మూడు స్టేషన్లు ఆ మ్యాపు పక్కన పెట్టుకుని చూశాను: గూడ్స్ షెడ్డు, సైడింగ్, పశువుల్ని ఎక్కించే చోటు, పాయింట్లతో సహా సరిపోయాయి.

బాత్‌లో బయల్దేరే సీన్ ఒక్కటి వివరంగా చెప్తాను. బ్లాక్ ఫైవ్ ఇంజిన్, ఏడు పెట్టెలు, సన్నటి వాన. గ్రీన్ పార్క్ నుంచి అర మైలు దాకా ఏ కష్టమూ లేదు, బండి హాయిగా కదులుతుంది. బాత్ జంక్షన్ దగ్గర ఎడమకి తిరగగానే 1 ఇన్ 50 మొదలు. అంటే యాభై అడుగులు పోతే ఒక అడుగు పైకి. నడిచే మనిషికి అది లెక్కలోకే రాదు, ఇంజిన్‌తో కలిపి మూడొందల టన్నుల పైచిలుకు బరువుకి మాత్రం ప్రతి అడుగూ లెక్కే. పైగా అక్కడ పట్టా గట్టిగా వంపు తిరిగి ఉంటుంది. వానకి పట్టా జిడ్డుగా ఉంది, సిలిండర్లకి ఆవిరి వదిలే రెగ్యులేటర్ కొంచెం ఎక్కువ తెరిచానో లేదో చక్రాలు గిర్రున తిరిగాయి, పొగగొట్టం ఒక్కసారిగా గర్జించింది, ఆ ఊపుకి నిప్పులో సగం లేచి గొట్టాల్లోంచి బయటికి పోయింది. రెగ్యులేటర్ మూసి, ఇసుక వదిలి, మళ్లీ నెమ్మదిగా తెరిచేసరికి వేగం పది మైళ్లకి పడిపోయింది. బాయిలర్‌లో 225 పౌండ్ల ప్రెజర్ ఉండాల్సింది 190కి వచ్చింది, నీళ్లు పెడితే ఇంకా తగ్గుతుంది, పెట్టకపోతే నీటి మట్టం తగ్గుతుంది. ఆ రెండు మైళ్లలో పడ్డ టెన్షన్ నేను ఏ రేసింగ్ గేమ్‌లోనూ పడలేదు, వేగం చూస్తే సైకిల్ కంటే తక్కువ.

అదే బాత్ జంక్షన్ దగ్గర ఇంకో చిన్న పని ఉంటుంది. అక్కడి నుంచి మిడ్‌ఫర్డ్ దాకా ఒకటే పట్టా, ఎదురుగా ఇంకో బండి రాకూడదంటే డ్రైవర్ దగ్గర టాబ్లెట్ ఉండాలి. అది చేతిలో పట్టుకునే ఒక గుర్తు బిళ్ల లాంటిది, ఆ ముక్క ఎవరి దగ్గరుంటే లైన్ వాళ్లది. బండి ఆపకుండా దాన్ని అందుకునే యంత్రాన్ని ఈ లైన్ ఇంజిన్ల అధికారిగా పనిచేసిన వైటేకర్ తయారు చేశాడు. లైన్ పక్కన ఒక స్తంభం, టెండర్ (ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) పక్కన ఒక చెయ్యి, రెండూ దాటుకునేటప్పుడు టక్కున మార్పిడి. సిమ్యులేటర్‌లో ఆ చెయ్యిని సమయానికి బయటికి తీయాల్సింది మనమే. మర్చిపోతే బండి ఆపి, సిగ్నల్‌మన్ వచ్చేదాకా ఉండాలి. మొదటి వారం మూడుసార్లు మర్చిపోయాను. ఇలాంటి చిన్న పనిని వదిలేయకుండా పెట్టినందుకు వాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఇక అసలు కొండ రాడ్‌స్టాక్ నుంచి మాస్‌బరీ దాకా, ఏడు మైళ్లకి పైగా ఎక్కుడే, చాలా భాగం 1 ఇన్ 50. ఇక్కడ నిప్పుని కొండ మొదలయ్యాక పెంచుదామంటే కుదరదు, రాడ్‌స్టాక్ రాకముందే ఫైర్‌బాక్స్ నిండా మందంగా మండుతూ ఉండాలి. కొత్తగా వేసిన బొగ్గు ముందు నల్లగా పొగ ఊదుతుంది, ఆ తర్వాతే వేడి ఇస్తుంది, అంచేత ఇప్పుడు వేసే పార ఐదు నిమిషాల తర్వాతి అవసరం కోసం. ఇది తలకెక్కడానికి నాకు నెల పట్టింది. మిడ్‌సోమర్ నార్టన్, చిల్‌కాంప్టన్, బినెగర్, ఒక్కో స్టేషన్ దాటేకొద్దీ ప్రెజర్ ముల్లు చూడటం, బాయిలర్‌లోకి నీళ్లు పంపే ఇంజెక్టర్ కట్టడం, మళ్లీ తెరవడం, కటాఫ్ (ప్రతి తోపుకీ సిలిండర్‌లోకి ఆవిరి ఎంతసేపు వెళ్లాలనేది) ఇంకో రెండు పాయింట్లు పెంచాలా వద్దా అని కొట్టుమిట్టాడటం. ఒక రాత్రి చిల్‌కాంప్టన్ దాటాక ప్రెజర్ పూర్తిగా పడిపోయి బండి పట్టాల మీద నిలబడిపోయింది. ఇరవై నిమిషాలు అక్కడే కూర్చుని ఆవిరి కూడబెట్టుకుని మళ్లీ బయల్దేరాను, గేమ్ ఎక్కడా ‘ఫెయిల్’ అని బోర్డు చూపించి ఆపెయ్యలేదు. ఆలస్యం ఆలస్యంగానే రికార్డు అయ్యింది. అదీ నాకు నచ్చింది.

మాస్‌బరీ శిఖరం దగ్గర జరిగేది ఈ ప్యాకేజీ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. 811 అడుగుల ఎత్తు. కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ ముందు భాగం పైకి లేచి ఉంటుంది కాబట్టి బాయిలర్‌లో నీళ్లన్నీ వెనక్కి, క్యాబ్ వైపుకి వస్తాయి. మన ముందున్న గాజు గొట్టంలో మట్టం సగానికి పైనే కనిపిస్తుంది, అమ్మయ్య నీళ్లున్నాయి అనుకుంటాం. శిఖరం దాటి ముక్కు కిందికి వంగిందో లేదో నీళ్లు ముందుకి పరిగెత్తుతాయి, పైగా దిగుడులో రెగ్యులేటర్ మూస్తాం కాబట్టి ఉడుకుతూ ఉబ్బిన నీరు కూడా కుంగుతుంది. గాజులో సగం ఉన్నది చూస్తూ చూస్తూ అడుగుకి జారిపోతుంది. ఫైర్‌బాక్స్ పైరేకు మీద నీళ్లు లేకపోతే అది కాలిపోతుంది, అందుకే అందులో సీసం నింపిన ప్లగ్గు పెట్టేవాళ్లు, అది కరిగి ఆవిరి నిప్పు మీద పడి ఇంజిన్ అక్కడికి ఆగిపోతుంది. నాకు రెండుసార్లు కరిగింది. రెండోసారి కరిగినప్పుడు గాజు గొట్టంలో నీళ్లు సగానికి పైనే చూసుకుని మరీ ధీమాగా ఉన్నాను. ఆ గాజు చూపించేది నిజమే, కాకపోతే ఆ వాలు మీద నిజం. పాత డ్రైవర్లకి లైన్‌లో ప్రతి వాలూ కంఠతా ఎందుకు వచ్చి ఉండేదో నాకు అక్కడ అర్థమైంది.

చూడ్డానికి ఎలా ఉందంటే, బాగుంది. చెట్లు కాస్త ఒకేలా ఉన్నాయి, పచ్చదనం కొంచెం ఎక్కువ. కానీ సిగ్నళ్ల దగ్గర చేసిన పని చూసి ఆగిపోయాను. ఉమ్మడి లీజులో ఇంజిన్ల పని మిడ్‌లాండ్ చూసుకునేది, పట్టాలు, సిగ్నళ్లు సౌత్ వెస్టర్న్ చూసుకునేది, తర్వాత అది సదరన్ రైల్వేకి వచ్చింది. అందుకే ఈ లైన్ మీద ఇంజిన్ ఒక ఇంటిది, సిగ్నల్ ఇంకో ఇంటిది. సదరన్ వాళ్లు పాత పట్టాల్నే నిలబెట్టి సిగ్నల్ స్తంభాలు చేసేవాళ్లు, ఎక్స్‌మత్ జంక్షన్‌లో వాళ్లకున్న కాంక్రీట్ ఫ్యాక్టరీ నుంచి కంచెలు, దీపస్తంభాలు వచ్చేవి. ఇవన్నీ రూట్‌లో ఉన్నాయి, దగ్గరికెళ్లి చూస్తే సిగ్నల్ స్తంభంలో పట్టా ఆకారం కనిపిస్తుంది. మిడ్‌ఫర్డ్ వయాడక్ట్ దగ్గరైతే, బాత్‌కి చెందిన ఐవో పీటర్స్ అనే ఫొటోగ్రాఫర్ 1950ల్లో తన బెంట్లీ కారులో ఈ లైన్ వెంట తిరిగి తీసిన ఫొటోలు గుర్తొచ్చి, బండి ఆపి, కెమెరా కొండవాలు మీద పెట్టి ఒక పావుగంట చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు లోపాలు. అన్నిటికంటే పెద్దది కూంబ్ డౌన్ సొరంగం. 1,829 గజాల పొడవు, ఒకటే పట్టా, గాలి పోవడానికి పైనుంచి ఒక్క బావి కూడా లేదు. 1929 నవంబర్‌లో బాత్ వైపు ఎక్కుతున్న ఒక గూడ్స్ బండి ఇందులో మరీ నెమ్మదిగా వెళ్లడంతో డ్రైవర్, ఫైర్‌మన్ ఇద్దరూ పొగకి స్పృహ తప్పారు. బండి మెల్లగా పాకుతూ సొరంగం దాటి, అవతలి 1 ఇన్ 50 దిగుడు అందుకుని, ఆపేవాళ్లు లేక బాత్ యార్డులోకి దూసుకెళ్లింది. డ్రైవర్‌తో పాటు యార్డులో ఉన్న ఇద్దరు చనిపోయారు. ఈ సొరంగం గురించి తెలిసినవాళ్లకి మొదట గుర్తొచ్చేది ఇదే. మరి ఈ రూట్‌లో సొరంగం ఎలా ఉంది? చీకటిగా ఉంది, ఇటుకలు అందంగా ఉన్నాయి, నీటి చెమ్మ కూడా మెరుస్తోంది, పొగ మాత్రం క్యాబ్‌లోకి రాదు. గంటకి ఐదు మైళ్ల వేగంతో బరువైన గూడ్స్ లాగుతూ పోయినా ఏమీ కాదు. బయట మేఘంలా కమ్మే పొగ సొరంగంలోకి రాగానే గోడల్లోంచి మాయమైపోతుంది. ఇంత శ్రద్ధగా పని చేసినవాళ్లు దీన్ని ఇలా వదిలేయడం నాకు నిజంగా బాధనిపించింది. చూపు మసకబారడం, గేజులు కనపడకపోవడం, అంత మాత్రం పెట్టినా చాలు, ఉత్తరానికి వెళ్లే ప్రతి గూడ్స్ బండీ సొరంగం ముందు నిప్పుని తెల్లగా మండేలా సిద్ధం చేసుకోవాల్సి వచ్చేది, వేగం పడిపోకుండా చూసుకోవాల్సి వచ్చేది. అప్పటి సిబ్బంది రోజూ చేసిన పని అదే కదా.

రెండోది శబ్దం. బ్లాక్ ఫైవ్‌కి, 7ఎఫ్ అనే గూడ్స్ ఇంజిన్‌కి రెండు సిలిండర్లు, చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ‘ఛఫ్’లు, అది సరిగ్గానే ఉంది. కానీ బుల్లీడ్ లైట్ పసిఫిక్ అనే సదరన్ ఇంజిన్లకి మూడు సిలిండర్లు, చుట్టుకి ఆరు రావాలి. వీళ్లు దానికీ నాలుగే పెట్టారు. వినడం అలవాటైన చెవికి అది ఒకరి గొంతు ఇంకొకరికి పెట్టినట్టుంటుంది. ఆ ఇంజిన్లు ఈ లైన్ మీద చివరిదాకా నడిచాయి, పక్కన పెట్టేసే చిన్న విషయం కాదు.

మూడోది బ్యాంకర్. రాడ్‌స్టాక్ దగ్గర గూడ్స్ వెనక ఇంకో ఇంజిన్ చేరి కొండపైకి తోసేది. దాన్ని కంప్యూటర్ నడిపితే ముందు ఇంజిన్ ఏం చేస్తోందో పట్టించుకోకుండా ఒకే బలంతో తోస్తుంది. నేను రెగ్యులేటర్ తగ్గిస్తే వ్యాగన్లన్నీ నా వీపు మీదికి వచ్చి పడతాయి, ఒకసారి మధ్యలో లంకె తెగింది కూడా. మల్టీప్లేయర్‌లో ఫ్రెండ్‌ని వెనక ఇంజిన్ ఎక్కిస్తే మాత్రం దీని రంగే మారిపోతుంది. కూతలతోనే మాట్లాడుకుందాం, చాట్ వద్దు అని ఒప్పందం పెట్టుకుని ఆడాం. శిఖరం దగ్గర అతను విడిపోయి బినెగర్‌కి వెనక్కి వెళ్లిపోతుంటే వచ్చిన ఆ కూత ఇంకా చెవిలో ఉంది.

టెంపుల్‌కూంబ్ గురించి క్లుప్తంగా: అక్కడ దక్షిణానికి పోయే బండి పై స్టేషన్‌లోకి ఎక్కాక, వెనక ఇంకో ఇంజిన్ తగిలించి మొత్తాన్ని మళ్లీ జంక్షన్ దాకా లాగి, అక్కడ విడిచి ముందుకి పంపాలి. రూట్‌లో అది పనిచేస్తుంది, ఐదుసార్లలో ఒకసారి షంటింగ్ ఇంజిన్ రాదు, అప్పుడు సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవాలి. సేవ్ చేసుకోండి.

సీనారియోల్లో తారీఖుల తప్పులు కొన్ని ఉన్నాయి. 1955 అని పెట్టిన ఒక దాంట్లో పక్క లైన్‌లో ఈవినింగ్ స్టార్ నిలబడి ఉంది. ఆ ఇంజిన్ స్విండన్‌లో తయారై బయటికొచ్చింది 1960లో, బ్రిటిష్ రైల్వేస్ కట్టిన ఆఖరి స్టీమ్ ఇంజిన్ అది. ఎడిటర్‌లో రెండు నిమిషాల్లో మార్చేసుకున్నాను, అయినా ఇలాంటివి వాళ్లే చూసుకోవాలి.

అదే ఈవినింగ్ స్టార్‌తో ఉన్న 1962 సెప్టెంబర్ 8 సీనారియో మాత్రం ఈ ప్యాకేజీకి తలమానికం. మాంచెస్టర్-బోర్న్‌మత్ మధ్య నడిచే పైన్స్ ఎక్స్‌ప్రెస్ ఈ లైన్ మీద నడిచిన ఆఖరి రోజు అది. పన్నెండు పెట్టెలు, ముందు సాయం ఇంజిన్ లేదు, పది చక్రాలు కలిపి తిప్పే 9ఎఫ్ రకం ఈవినింగ్ స్టార్ ఒక్కటే. 250 పౌండ్ల ప్రెజర్, నలభై చదరపు అడుగుల నిప్పు. బ్లాక్ ఫైవ్ మీద నెలల తరబడి కష్టపడ్డాక ఇది ఎక్కితే, అదే కొండ, అదే మలుపు, ఇంజిన్ మాత్రం ఊపిరి బిగబట్టకుండా ఎక్కుతూ పోతుంది. ఈ ఇంజిన్లకి పెట్టెల్ని వెచ్చబెట్టే ఆవిరి పైపు లేదు, అందుకే ఎండాకాలంలోనే ప్యాసింజర్ బండ్లకి వాడేవాళ్లు. ఇన్నేళ్లు రెండేసి ఇంజిన్లతో ఈడ్చిన కొండకి సరిపోయే ఇంజిన్ దొరికిన రెండేళ్లకే దూరప్రయాణపు బండ్లన్నీ వేరే దారి పట్టించేశారు. ఆ తర్వాత ఏడాది నష్టాల్లో ఉన్న లైన్లు మూసేయమన్న బీచింగ్ నివేదిక, ఇంకో మూడేళ్లకి లైనే లేదు. మాస్‌బరీ మీద ఆ బండి నడుపుతుంటే ఇదంతా తెలిసి నడపడం వేరుగా ఉంటుంది, నాకు గొంతు పట్టేసింది.

కొనాలా అంటే: ఆవిరి ఇంజిన్ పని నేర్చుకోవాలని ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. కూర్చుని దృశ్యాలు చూడాలి, స్పీడుగా పోవాలి అనుకుంటే వద్దు, 71 మైళ్లలో సగం దూరం ముప్పై మైళ్ల వేగం కూడా దాటరు. ట్యుటోరియల్ బలహీనంగా ఉంది, ఇంజెక్టర్ గురించి రెండు వాక్యాలతో సరిపెట్టారు. కీబోర్డుతో నడపొచ్చు, కానీ రెగ్యులేటర్, కటాఫ్ మార్చే రివర్సర్ రెండింటికీ ఏదైనా చిన్న లివర్ కంట్రోలర్ ఉంటే చేతికి పని తొందరగా అలవాటవుతుంది. పాత కంప్యూటర్ అయితే బాత్ యార్డు దగ్గర కాస్త తడబడుతుంది, చెట్ల దట్టం తగ్గించుకుంటే సరిపోతుంది.

మొదటి రోజే బాత్ నుంచి బయల్దేరకండి. ఎవర్‌క్రీచ్ జంక్షన్‌లో మూడు పెట్టెల లోకల్ తీసుకుని ఉత్తరానికి రండి, షెప్టన్ మాలెట్ దాటేదాకా నిప్పు మీదే దృష్టి పెట్టండి, ప్రెజర్ కాస్త పడినా కంగారు పడొద్దు. మాస్‌బరీ స్టేషన్ కనిపించగానే, గాజు గొట్టంలో నీళ్లు ఎంత కనిపించినా సరే, ఇంజెక్టర్ తెరిచేయండి.